ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో సామాన్లు తగ్గించుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

మియాపూర్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్, భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు, స్కూలుకెళ్లే పిల్లలిద్దరు, మీతోనే ఉండే అత్తగారు. ఎంత సర్దినా రెండు రోజులకే మళ్లీ మొదటికొస్తోంది, అత్తగారు ఏదీ తియ్యనివ్వరు, పిల్లల బొమ్మలకైతే అంతే లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. మాదీ అచ్చం అలాంటి ఇల్లేనండీ, కూకట్‌పల్లి వైపు. మా అత్తగారూ మాతోనే ఉంటారు. మా ఇంట్లో పనిచేసినవి చెబుతాను, మీకు కుదిరినవి తీసుకోండి.

సజ్జ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఇల్లు ఖాళీ చేద్దామనుకోగానే అందరి చూపూ సజ్జ మీదికే పోతుంది. నిచ్చెన వేసుకుని అట్టపెట్టెలన్నీ దించేసరికి ఆదివారం మధ్యాహ్నం దాటుతుంది, హాల్లో కాలు పెట్టే సందుండదు, మర్నాటి ఆఫీసు గుర్తొచ్చి సగానికి పైగా మళ్లీ పైకే ఎక్కించేస్తాం. ఉన్న ఓపికంతా అక్కడే అయిపోతుంది. నిజానికి సజ్జ మీదున్నవి మిమ్మల్ని రోజూ ఇబ్బంది పెట్టట్లేదు. పొద్దున ఆరున్నరకీ ఎనిమిదికీ మధ్య దేనికోసం వెతుక్కుంటున్నారో, ఏది అడ్డం వచ్చి విసుగు తెప్పిస్తోందో చూడండి. అక్కడ మొదలుపెట్టండి. ఇల్లు అందంగా కనబడటం తర్వాతి సంగతి, ముందు పొద్దుటి టెన్షన్ తగ్గాలి.

మా ఇంట్లో ఆ చోటు స్టవ్ గట్టు కింది అర. బిర్యానీ పార్శిల్‌తో వచ్చిన నల్ల డబ్బాలు, ఐస్‌క్రీం డబ్బాలు, స్వీట్ షాపు డబ్బాలు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని ఉండేవి. క్యారేజీలు కట్టే హడావిడిలో ఒకటి లాగితే నాలుగు కింద పడేవి. డబ్బా దొరికితే మూత దొరకదు. ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక నేనూ మా ఆయనా ఆ అరలోవన్నీ నేల మీద పరిచి, ప్రతి డబ్బాకీ దాని మూత పెట్టి చూశాం. జత కుదరనివి పక్కకి. కుదిరినవాటిలో కూడా పసుపు పట్టేసినవి, అంచులు పగిలినవి, ఎంత తోమినా జిడ్డు వదలనివి పక్కకి. పార్శిల్ డబ్బాలు ఒకసారి వాడి వదిలేయడానికి చేసినవి, వాటిలో వేడి వేడి సాంబారు పోసి పిల్లలకు పంపడం మంచిది కాదు కూడా. చివరికి మిగిలినవి స్టీలు క్యారేజీలు, ఫ్రిజ్‌లోకి కొన్ని గాజు గిన్నెలు. మర్నాడు క్యారేజీలు కట్టడం ఎంత తేలికైందో చూశాక మా ఆయన తనంతట తనే చెప్పుల స్టాండు పని పట్టారు. మొదటి ఫలితం ఇలా ఇంట్లో అందరికీ కనబడాలి, అప్పుడే రెండో పనికి ఊపొస్తుంది.

ఆ తర్వాత పెట్టుకున్న పద్ధతి ఒక్కటే: దేనికైనా దాని చోటే కొలత. నా రోజువారీ చీరలకూ డ్రెస్సులకూ బీరువాలో ఒక అర. అది నిండితే కొత్తది కొనే ముందు ఒకటి బయటికి వెళ్లాలి. స్టీలు గ్లాసులకు ఒక బుట్ట. పుస్తకాలకు ఒక గూడు. ఎన్ని ఉండాలి అని లెక్కపెట్టడం మొదలుపెడితే ఇంట్లో వాదనలు తప్పవు. చోటు ఇంతే అంటే పిల్లలకు కూడా ఇట్టే అర్థమవుతుంది.

ఇంకో సంగతి గమనించాను. మన ఇళ్లల్లో పేరుకుపోయేవాటిలో కొన్నవి కొన్నే, వచ్చినవి ఎన్నో. గృహప్రవేశాలు, సీమంతాలు, ఒడుగులు, పుట్టినరోజులు, ఎక్కడికి వెళ్లినా చేతిలో ఒక కవరు పెడతారు. శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతం ఒక్కరోజే నాలుగిళ్లకు పేరంటానికి వెళ్లొస్తే నాలుగు జాకెట్ ముక్కలు, రెండు ప్లాస్టిక్ బుట్టలు, ఒక కుంకుమ భరిణె వస్తాయి. కుట్టించుకోవడానికి సరిపోని జాకెట్ ముక్కలు ఇంటింటికీ తిరుగుతూనే ఉంటాయి. వద్దనలేం, అనకూడదు కూడా, అభిమానంతో ఇచ్చేవి. కానీ మనం ఇచ్చేటప్పుడు మార్చుకోవచ్చు. మా ఇంటి పేరంటానికి తాంబూలంలో పండు, పువ్వులు, నానబెట్టిన శనగలు పెడతాం. అంతే. ఫంక్షన్ అయితే ఆత్రేయపురం పూతరేకులో, బందరు లడ్డూలో ఇస్తాం. తినేవి కాబట్టి ఎవరి ఇంట్లోనూ అర ఆక్రమించవు. మొదట్లో మా ఆడపడుచు "ఏదైనా గుర్తుండిపోయేది ఇవ్వాలి కదా వదినా" అంది. ఈ మధ్య వాళ్లింట్లో కూడా అదే పద్ధతి.

ఇక అత్తగారి విషయం. ఇది కాస్త నిదానంగా చదవండి. మా అత్తగారి ఇత్తడి, స్టీలు సామాను చాలావరకు చీటీ డబ్బులతో ఒక్కొక్కటే కొనుక్కున్నవి. గిన్నె అంచు మీద ఆవిడ పేరు, పక్కన సంవత్సరం చెక్కించి ఉంటాయి. కిరోసిన్ కోసం రేషన్ షాపు దగ్గర క్యూలో నిలబడ్డ మనిషికి ఖాళీ హార్లిక్స్ సీసా చెత్తలా ఎలా కనబడుతుంది? రేపు కందిపప్పు పోసుకునే డబ్బా అది. కళ్లముందే దాన్ని చెత్తబుట్టలో పడేస్తే నొచ్చుకోకుండా ఎలా ఉంటారు? అందుకే మా ఇంట్లో ఎవరి వస్తువు మీద నిర్ణయం వాళ్లదే. అడగకుండా, చాటుగా ఏదీ తియ్యం. ముందు మా వస్తువులు తగ్గించుకున్నాం, ఆవిడవి ముట్టుకోలేదు.

తర్వాత ఒక సెలవు రోజున ఆవిడ పక్కన కూర్చుని, ఒక్కొక్క గిన్నే చేతికిచ్చి "ఇది ఎప్పటిదత్తయ్యా?" అని అడుగుతూ వచ్చాను. ఏది పుట్టింటివారు పెట్టింది, ఏది పెద్దబ్బాయి పుట్టినప్పుడు కొన్నది, అన్నీ చెప్పారు. పిల్లలు కూడా వచ్చి కూర్చున్నారు. కంచు గిన్నె ఒకటి, మరచెంబు ఒకటి వంటింట్లోకి వచ్చాయి, ఇప్పుడు పప్పు ఆ కంచు గిన్నెలోనే వడ్డిస్తున్నాం. గంగాళం, రెండు గుండిగలు మాత్రం ఊళ్లో పెళ్లిళ్లకు వండిన కాలం నాటివి, మూడో అంతస్తు ఫ్లాట్‌లో వాటికి పనేముంది? "ఊళ్లో రామాలయానికి ఇచ్చేద్దాం, శ్రీరామనవమికి పానకం కలుపుకుంటారు" అని ఆవిడే అన్నారు. తన చేత్తో ఇచ్చి వచ్చారు. నేనే ఇచ్చేద్దామని ఉంటే ఆ మాట ఆవిడ నోట వచ్చేది కాదని నా నమ్మకం.

తీసేసినవి ఎటు పంపాలో ముందే అనుకోకపోతే "ఇచ్చేయాల్సినవి" అని కట్టిన మూటలు నెలల తరబడి తలుపు పక్కనే ఉండిపోతాయి. మేం ఏం చేస్తామంటే, బాగున్న బట్టలు తెలిసినవాళ్లకు ఉతికి, మడతపెట్టి ఇస్తాం. బొత్తాలు ఊడినవి, చిరిగినవి ఇవ్వం, అది తీసుకునేవాళ్లను చిన్నబుచ్చడమే. మెత్తబడ్డ నూలు చీరలు బొంత కుట్టించడానికి, మిగతా నూలు గుడ్డ వంటింటి మసిగుడ్డలకు. 1999లో ఢిల్లీలో మొదలైన గూంజ్ సంస్థ కూడా వాడిన బట్టలు తీసుకుంటుంది, వాళ్లు పాత నూలు గుడ్డతో శానిటరీ ప్యాడ్లు కూడా చేయిస్తారు. పాత బట్టలకు స్టీలు సామాను ఇస్తామని వీధిలోకి వచ్చేవాళ్లకు బట్టలు ఇవ్వండి, గిన్నె మాత్రం వద్దనండి.

పట్టుచీరల దగ్గర జాగ్రత్త. "పాత పట్టుచీరలు కొంటాం" అని గుమ్మం దగ్గరికి వచ్చేవాళ్లకు తొందరపడి ఇవ్వకండి. పాతకాలం కంచిపట్టుల్లో అసలు జరీ ఉంటుంది, అంటే వెండి తీగకు బంగారు పూత. తర్వాత వచ్చిన చాలావాటిలో ఉన్నది రాగి కలిసిన టెస్టెడ్ జరీ. రెండిటి ధరకూ పోలికే ఉండదు, కాబట్టి జరీ పరీక్షించే దుకాణంలో చూపించాకే నిర్ణయించుకోండి. ఉంచుకునేవాటిని నూలు గుడ్డలో చుట్టి, కొన్ని నెలలకోసారి మడతలు మార్చండి, లేకపోతే మడత దగ్గరే జరీ విరిగిపోతుంది.

పాత ఫోన్లు, ఛార్జర్లు, చెడిపోయిన మిక్సీ మామూలు చెత్తలో వెయ్యకూడదు. ఎలక్ట్రానిక్ వ్యర్థాలపై కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి, రీసైక్లింగ్ బాధ్యత వాటి ప్రకారం తయారీదారులది. రిజిస్టరైన రీసైక్లర్‌కి ఇవ్వండి. ఫోన్ ఇచ్చే ముందు సిమ్, మెమరీ కార్డు తీసి, అకౌంట్ల నుంచి లాగౌట్ అయి, రీసెట్ చేయడం మరవద్దు. ఉబ్బిన బ్యాటరీ ఉంటే ఇంట్లో ఒక్కరోజు కూడా దాచకండి. గడువు తీరిన మందులు విడిగా కట్టి ఇవ్వాలి, తడి పొడి చెత్తతో కలపకూడదు.

కాగితాల గురించి క్లుప్తంగా. ఆధార్, లైసెన్స్, ఆర్‌సీ వంటివి 2015 నుంచి ఉన్న డిజీలాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో పెట్టుకుంటే జిరాక్సుల కట్టలు పోతాయి. సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు, పుట్టిన సర్టిఫికెట్లు, మార్కుల మెమోల ఒరిజినల్స్ మాత్రం ఒకే ఫైల్లో, ఇంట్లో ఇద్దరికీ తెలిసిన చోట ఉండాలి.

ఒక మాట గట్టిగానే చెబుతాను. ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో ఈ మాట పనికిరాదు. సర్దే పని మొత్తం మీ నెత్తినే పడితే సామాను తగ్గినా మీ అలసట తగ్గదు. మా ఆయనకు చెప్పుల స్టాండు, బాల్కనీ, టూల్స్, బిల్లులు. నాకు వంటిల్లు. ఇద్దరి బట్టలూ ఎవరివి వాళ్లే. ఉతికిన బట్టల గుట్ట హాల్లో కుర్చీ మీద చేరకుండా, ఆరిన రోజు సాయంత్రమే అందరం కలిసి మడతపెడతాం, టీవీ చూస్తూనే. పిల్లలు సాక్సు జతలు కలుపుతారు. ఆదివారం రాత్రికి వారం యూనిఫాంలు ఇస్త్రీ అయి హ్యాంగర్ల మీద ఉంటాయి.

కొనడం దగ్గర ఒక్క మార్పు చాలా పనిచేసింది. షాపింగ్ యాప్‌ల నోటిఫికేషన్లు ఆపేశాం. కావాలనిపించింది కార్ట్‌లో పెట్టి వదిలేస్తాం, ఆదివారం ఇద్దరం కలిసి చూస్తాం. ఎక్కడ పెడతాం అన్న ప్రశ్నకి జవాబు లేకపోతే ఆర్డర్ పెట్టం. సగం వాటి మీద మోజు అప్పటికే తీరిపోయి ఉంటుంది.

సజ్జ పని సంక్రాంతి సెలవులకు పెట్టుకోండి, ఎలాగూ అప్పుడు బూజు దులుపుతాం. భోగి మంటలో విరిగిన చెక్క సామాను వేస్తే వేశారు గానీ ప్లాస్టిక్ కుర్చీలు, టైర్లు, రెక్సిన్ బ్యాగులు వెయ్యనివ్వకండి, ఆ పొగ ఎవరికీ మంచిది కాదు.

బొమ్మల సంగతి ఆఖరున పెట్టాను, ఎందుకంటే పెద్దవాళ్లం మనవి తగ్గించుకున్నాక అది దానంతటదే సులువవుతుంది. బొమ్మల్ని రెండు పెట్టెలుగా విడదియ్యండి. ఒకటి బయట, ఒకటి మంచం కింద. నెల తిరిగాక మార్చండి. పాత బొమ్మలే మళ్లీ కొత్తగా కనబడతాయి పిల్లలకు. రెండుసార్లు బయటికొచ్చినా ఎవరూ ముట్టుకోని బొమ్మను ఎవరికిద్దామో పిల్లల్నే అడగండి. మా పెద్దది తన బ్లాకుల సెట్టు మా వాచ్‌మన్ వాళ్ల పాపకు తనే తీసుకెళ్లి ఇచ్చింది, ఎలా పేర్చాలో కూర్చుని నేర్పించి మరీ వచ్చింది. పుట్టినరోజు పిలుపుల్లో గిఫ్టులు తేవద్దని ముందే రాయండి. ఎవరైనా తప్పక ఏదో ఒకటి ఇస్తామంటే రంగు పెన్సిళ్లు, డ్రాయింగ్ పుస్తకాలు చెప్పండి, వాడితే అయిపోతాయి.