మంచం పట్టిన పెద్దవాళ్లను హోమ్‌లో చేర్చేముందు శుభ్రత ఎలా చూసుకోవాలి?

మీ నాన్నమ్మగారు మంచం పట్టారు, యూరిన్ పైపు కూడా ఉంది, ఆవిడను ఒంగోలులో ఏదైనా వృద్ధుల హోమ్‌లో చేర్చాలని మీరు అనుకుంటున్నారు, అక్కడ ఇన్ఫెక్షన్లు అంటుకుంటాయేమోనని టెన్షన్ పడుతున్నారు. ఆ భయం సరైనదే. నేను నెల్లూరులో ఇలాంటి హోమ్‌లో నర్సుగా చేస్తున్నాను కాబట్టి చూసినవి చెబుతాను.

వచ్చినవాళ్లు చాలామంది టైల్స్ మెరుస్తున్నాయా, ఫినాయిల్ వాసన వస్తోందా అని చూసి డబ్బు కట్టేస్తారు. మీరు అక్కడ సేవ చేసే ఆయమ్మ చేతుల మీద కన్నేయండి. ఒకరికి డైపర్ మార్చాక, పక్క మంచం దగ్గరికి వెళ్లేలోపు ఏం చేస్తుంది? గ్లోవ్స్ తీసేసి చేతులు కడుక్కుంటే సరే. అవే గ్లోవ్స్‌తో తలుపు గడియ తీసి, పక్కావిడ దుప్పటి సర్దిందంటే అక్కడ చేర్చకండి. నేను ఇదివరకు చేసిన ఒకచోట ఇదే తంతు. ఒకరికి విరేచనాలు పట్టుకుంటే ఆ గదిలో వరసగా అందరికీ వచ్చేవి. ముసలి ప్రాణాలు, రెండు రోజులకే నీరసించిపోయేవాళ్లు. గ్లోవ్స్ వేసుకున్నా, తీశాక చేతులు కడగాల్సిందే.

చేతులు శుభ్రం చేసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు సందర్భాలు చెప్పింది: మనిషిని ముట్టుకునే ముందు; ఇంజెక్షన్, డ్రెస్సింగ్, పైపు లాంటి పనుల ముందు; మలమూత్రాలు, రక్తం తగిలే పని అయ్యాక; మనిషిని ముట్టుకున్నాక; చివరికి వాళ్ల మంచం, బల్ల ముట్టుకున్నా సరే. ఈ ఆఖరిదే అందరూ మర్చిపోతారు. శానిటైజర్‌తో అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బు నీళ్లతో అయితే 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. విరేచనాలున్న గదిలో సబ్బే వాడాలి, వాటిని తెచ్చే కొన్ని క్రిములు శానిటైజర్‌కు లొంగవు.

వాష్‌బేసిన్ కూడా చూడండి. సబ్బు బిళ్ల నీళ్లలో నానుతోందా? మేకుకు అందరికీ ఒకే తువ్వాలు వేలాడుతోందా? కడిగిన చేతిని చీర కొంగుకు తుడుచుకోవడం మన ఆడవాళ్లకు అలవాటు. ఆ కొంగు పొద్దుటినుంచి ఎన్ని పక్కలకు తగిలుంటుందో! గాజులు, ఉంగరాలు, మణికట్టు దారాల కిందికి సబ్బు చేరదు. దేవుడి దారం తీయమనడానికి నాకూ మొహమాటమే, అయినా చెబుతాను. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే నురగ రాక విసుగొచ్చి సగంలో వదిలేస్తారు, అదీ కనుక్కోండి.

మీ నాన్నమ్మగారి విషయంలో ముఖ్యమైనది ఆ పైపు. యూరిన్ బ్యాగ్ ఎప్పుడూ నడుము కంటే కిందే వేలాడాలి, నేలకు మాత్రం తగలకూడదు. బ్యాగ్‌లోది వంపే మగ్గు ఎవరిది వాళ్లకే ఉండాలి. పైపు ఇంకా అవసరమా అని డాక్టర్‌ను అడుగుతూనే ఉండండి, ఎన్నాళ్లుంటే అంత ఇన్ఫెక్షన్ భయం. పెద్దావిడ ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే వయసు వల్ల వచ్చిందని సరిపెట్టుకోకుండా, జ్వరం లేకపోయినా సరే, వెంటనే డాక్టర్‌కు చూపించండి.

చూడటానికి వాళ్లు రమ్మన్న వేళకు కాకుండా పొద్దున్నే, డైపర్లు మార్చే హడావిడిలో వెళ్లండి. రాత్రి డ్యూటీలో ఎంతమంది పెద్దవాళ్లకు ఎంతమంది ఆయమ్మలో అడగండి. ఒక్కరి మీదే వార్డంతా వదిలేస్తే ఎంత మంచి మనిషైనా ప్రతిసారీ కుళాయి దాకా వెళ్లలేరు.