సొంత భాష మాత్రం వద్దు తల్లీ

హబ్సిగూడ, హైదరాబాద్

చిన్నీ,

మీ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌కి స్క్రిప్టింగ్ పెట్టే పని నీకే అప్పగించారట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆవిడ లెక్కలో స్క్రిప్టంటే టీవీ సీరియల్‌కి రాసేదే, మనకేమో వాడేవాళ్లు సాఫ్ట్‌వేర్‌కి పనులు చెబుతూ రాసుకునే కమాండ్ల వరుస! నాకు మాత్రం సంతోషంతో సగం, టెన్షన్‌తో సగం నిద్ర పట్టలేదు.

"పది కమాండ్లేగా, చిన్న భాష మనమే రాసేద్దాం" అని మీలో ఎవరో అనే ఉంటారు. కొంపదీసి నువ్వేనా?

తొంభైల్లో నేనూ అదే అన్నాను. అణువుల కదలికలు లెక్కగట్టే మా ఫోర్ట్రాన్ ప్రోగ్రాంకి మొదట రెండే కమాండ్లు. ఎవరో ఇఫ్, అంటే 'ఇలా అయితే అలా చెయ్' అనే షరతు, అడిగితే ఒక్క రాత్రిలో పెట్టేశాను. తర్వాత ఒకే పని మళ్లీ మళ్లీ చేయించే లూపు, ఆ తర్వాత విలువలు దాచుకునే పేర్లు, అదే వేరియబుల్స్. విలువ ఇవ్వని వేరియబుల్‌ని సున్నా అనుకోమన్నాను, వాడేవాళ్లకి సులువని. ఒక పీహెచ్‌డీ కుర్రాడు 'కరెక్షన్' స్పెల్లింగ్‌లో ఒక 'ఆర్' మింగేశాడు. ఎర్రర్ రాలేదు. ప్రెజర్‌కి కలపాల్సిన సవరణ సున్నా అయిపోయింది, గ్రాఫులు మాత్రం నున్నగా వచ్చాయి. నాలుగు నెలలు! ఓ సాయంత్రం, అంచులకి చిల్లులున్న ఆ ప్రింటవుట్ నా బల్ల మీద పరిచి, "సార్, ఇక్కడ" అని వేలు పెట్టాడు. అంతే, ఇంకేమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

ప్రతి టూలుకీ ఓ అరకొర భాష పుట్టడం చూసి విసిగే జాన్ ఆస్టర్‌హౌట్ అనే ప్రొఫెసర్ 1988లో అమెరికాలోని బర్కిలీలో, ఏ టూల్లోనైనా ఇమిడిపోయే టికల్ అనే స్క్రిప్టింగ్ భాష మొదలుపెట్టాడు. అది తెలిసీ నాది నేను రాసుకున్నాను. కాకిపిల్ల కాకికి ముద్దు.

సొంత భాష బదులు, అందరూ వాడే పైథాన్ పెట్టుకో. భారీ లెక్కలు సీ ప్లస్ ప్లస్‌లోనే ఉండనీ. ఒకసారి బయటికిచ్చిన ఫంక్షన్ పేరు మళ్లీ మార్చకు.

పైథాన్ ఉంటే చాలనుకోకు. మామూలు క్లాసులో ఆట్రిబ్యూట్, అంటే వస్తువు లోపల దాచే విలువ, దాని పేరు తప్పు రాసి విలువ ఇచ్చినా, కిక్కురుమనకుండా కొత్తది పుట్టిస్తుంది. నా సున్నాకి ఇది తమ్ముడే. సీ ప్లస్ ప్లస్‌ని పైథాన్‌కి కలిపే పైబైండ్11తో కట్టిన క్లాసులు, నువ్వు డైనమిక్ ఆట్రిబ్యూట్స్ (కొత్త పేర్లకి అనుమతి) తెరవనంతవరకూ, అలాంటప్పుడు ఎర్రర్ ఇస్తాయి. ఎవరు బతిమాలినా తెరవకు. నీకు మొహమాటం ఎక్కువ, అదే నా భయం. పైన పైథాన్‌లో రాసే క్లాసులకి స్లాట్స్, అంటే ఫలానా పేర్లే చెల్లుతాయనే జాబితా, పెట్టు.

సరిగ్గా తింటున్నావా? ఆదివారం రాయదుర్గంలో మెట్రో ఎక్కితే మా ఇంటిదాకా ఒకటే రైలు. పెద్దమ్మ పెసరట్లు వేస్తానంది. ఫంక్షన్ పేర్లన్నీ పెద్దక్షరాల్లో ప్రింట్ తీసి పట్టుకురా. ఎర్ర పెన్ను నా దగ్గరుంది.

పెదనాన్న