తడికి ఇంగ్లీషులో ఇన్ని మాటలెందుకు? డ్యాంప్, మాయిస్ట్, వెట్ ఎక్కడ ఏది వాడాలి?

డ్యాంప్, మాయిస్ట్, వెట్, సోక్డ్... వీటిని కొంచెం తడి నుంచి ఎక్కువ తడి దాకా వరసలో పెట్టుకుని బట్టీ పడితే సరిపోతుందా అని అడిగారు. సగం పని జరుగుతుంది. మిగతా సగం, తడిసింది ఏ వస్తువు, ఆ తడి మనకి కావాలా వద్దా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మాది ఒడిశాలో గంజాం జిల్లా బరంపురం. ఇంట్లో అప్పడాల వ్యాపారం. బయటి రాష్ట్రాల ఆర్డర్లు, ఫిర్యాదులు ఇంగ్లీషులోనే వస్తాయి, జవాబులు రాసే పని నా నెత్తిన పడింది. ఈ మాటలు నాకు వంటబట్టింది అలాగే.

అప్పడాల పిండి ఆరిపోకుండా మా పిన్ని దాని మీద గుడ్డ కప్పుతుంది. నీళ్లలో ముంచి, చుక్క కారకుండా గట్టిగా పిండిన గుడ్డ. అది డ్యాంప్. పిండకుండా కప్పితే వెట్, పిండి పైనంతా జిగురుజిగురు అయిపోతుంది. గుడ్డ కింద ఉన్న పిండి మాత్రం మాయిస్ట్. తాకితే తేమ తెలుస్తుంది గానీ చేతికి నీరు అంటదు. గుడ్డకీ పిండికీ తడిలో పెద్ద తేడా లేదు, కానీ పిండికి ఆ తేమ ఉండాల్సిందే, లేకపోతే ఒత్తుతుంటే అంచులు పగులుతాయి. మెత్తటి కేకు, మొక్క మొదట్లో మట్టి, చెమర్చిన కళ్లు కూడా మాయిస్టే. చెమ్మ పట్టిన గోడ, ఆరీ ఆరని చొక్కా డ్యాంప్. అన్నట్టు, మాయిస్ట్ అన్న మాట వింటేనే ఒళ్లు జలదరించేవాళ్లు అమెరికాలో చాలామందే ఉన్నారు. 2016లో దాని మీద పరిశోధన పత్రం కూడా వచ్చింది. పాపం ఆ మాట ఏం చేసిందో!

హ్యూమిడ్ గాలికి, వాతావరణానికే. చల్లటి చెమట పట్టి జిగటగా ఉన్న అరచేతులు క్లామీ. చలి, చెమ్మ, ముక్కిన వాసన కలిసిన గది డ్యాంక్.

సోక్ అంటే నీరు లోపలిదాకా పట్టడం. రాత్రి నానబోసిన మినప్పప్పు సోక్ అవుతుంది, డ్రెంచ్ అవదు. డ్రెంచ్ అంటే మీద కుమ్మరించినట్టు తడిసిపోవడం. వానలో తడిసి ముద్దయిన మనిషికి రెండూ చెల్లుతాయి.

2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా గోదాములోకి నీళ్లొచ్చాయి. కింది వరస అట్టపెట్టెలు ఎత్తబోతే అడుగు ఊడి చేతిలోకొచ్చింది. అవి సాగీ. పై వరసవి డ్యాంప్, లోపలి ప్యాకెట్లు బాగానే ఉన్నాయి. బీమా కాగితాల్లో అన్నిటికీ కలిపి వెట్ అని రాయకుండా ఇలా విడివిడిగా రాశాం. సర్వేయరు కూడా వరసల వారీగానే చూశాడు.

సాగీతో మాత్రం జాగ్రత్త. సాంబారన్నంలో మునిగిన అప్పడం సాగీ. గాలి తగిలి మెత్తబడితే లింప్ అనో సాఫ్ట్ అనో అనాలి, కానీ చాలామంది దానికీ సాగీ అనేస్తారు. అందుకే ఫిర్యాదులో ఆ మాట కనిపిస్తే, ప్యాకెట్లోకి నీళ్లు దిగాయా, డబ్బా మూత తీసి ఉంచారా అని అడిగాకే డబ్బు సంగతి మాట్లాడతాం.