చుక్క బరువెంతో ముందు చెప్పు

చిత్తూరు

అమ్మాయీ,

విశ్వం ఎలా రూపుదిద్దుకుందో కంప్యూటర్‌లో లెక్కగట్టి చూపే సిమ్యులేషన్ల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. విశ్వంలో ఎక్కువ చోటు ఖాళీలదేననీ, గెలాక్సీలు ఆ ఖాళీల అంచుల్లో సర్దుకున్నాయనీ రాసిన పేరా బాగుంది, దాన్ని ముట్టుకోకు. నాకు కోపం తెప్పించింది మూడో పేజీలోని వాక్యం: "తెర మీద ఒక్కో చుక్కా ఒక్కో నక్షత్రం." కాదమ్మా. చుక్క బరువెంతో చెప్పకుండా సిమ్యులేషన్ గురించి ఏం రాసినా గాల్లో మాటే.

2005లో వచ్చిన మిలీనియం సిమ్యులేషన్‌ను "మహాద్భుతం" అని దాటేశావు. అందులో చుక్కలు, అంటే లెక్కలోని కణాలు, సుమారు 1,000 కోట్లు. విశ్వంలోంచి లెక్కకు తీసుకున్న పెట్టె ఒక్కో వైపు 200 కోట్ల కాంతి సంవత్సరాల పైమాటే. ఒక్కో కణం బరువు దాదాపు 120 కోట్ల సూర్యులంత. మన పాలపుంత మొత్తానికి, కంటికి కనబడక గురుత్వాకర్షణ వల్లే తెలిసే కృష్ణపదార్థంతో కలిపినా, వచ్చేవి వెయ్యికి అటూ ఇటూ కణాలు. 20 కణాలకు తక్కువైన గుంపును లెక్కలోకే తీసుకోలేదు. కాబట్టి మరుగుజ్జు గెలాక్సీలు అందులో కనబడకపోతే, అవి విశ్వంలో లేవని రాసెయ్యకు. పైగా అందులో నడిచింది కృష్ణపదార్థం ఒక్కటే. గెలాక్సీలను తర్వాత వేరే సూత్రాలతో నింపారు.

అంకెలుంటే పాఠకుడు పేజీ తిప్పేస్తాడనే సంపాదకులున్నారు. అంకెలు కొట్టేసి, "అనంతం", "అద్భుతం" మాత్రం ఉంచుతారు. తెలుగులో సైన్సు వ్యాసం చిక్కిపోయింది వాళ్ల చేతుల్లోనే. వాళ్ల మాట వినకు.

పని ఎలా జరుగుతుందో వరసగా రాయి. మొదట కణాలను సమానంగా పేరుస్తారు. తొలి విశ్వంలోని లక్షలో ఒక వంతు హెచ్చుతగ్గులను ఆధారం చేసుకుని, వాటిని కొద్దికొద్దిగా జరుపుతారు. మిలీనియంలో మొదలుపెట్టింది విశ్వం వయసు కోటి ఏళ్లు దాటిన దశ నుంచి. ఆపైన గురుత్వాకర్షణ లెక్క. ప్రతి జంటనూ లెక్కించబోతే ఏ యంత్రమూ తెమల్చలేదు. అందుకే 1986లో బార్న్స్, హట్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన చెట్టు పద్ధతి వాడతారు: దగ్గరివాటిని విడివిడిగా, దూరపు గుంపును ఒకే ముద్దగా. తిరుపతి వీధిలోంచి చూస్తే కొండ మీది దీపాలన్నీ కలిసి ఒక్క వెలుగైనట్టు. పెట్టెకు అంచు ఉండదు, ఈ గోడ దాటిన కణం ఎదుటి గోడలోంచి వస్తుంది. అంచే లేనిదానికి నడిమధ్య కూడా ఉండదు, కాబట్టి నువ్వు రాసిన "విశ్వం నడిమధ్య" తీసెయ్యి.

రెండు కణాలు మరీ దగ్గరైతే బలం విపరీతంగా పెరిగి, నిజంలో లేని విసురుతో ఎగిరిపోతాయి. దాన్ని ఆపడానికి కొంత దూరం లోపల బలాన్ని మెత్తబరుస్తారు. మిలీనియంలో ఆ దూరం సుమారు 22 వేల కాంతి సంవత్సరాలు. అంతకన్నా చిన్న వివరం ఆ బొమ్మలో కనిపించినా నమ్మకూడదు. ఇది నీ వ్యాసంలో అసలు లేదు.

"సిమ్యులేషన్ నిరూపించింది" అన్నావు. వాయువు కలిపిన సిమ్యులేషన్లలో నక్షత్రాల పుట్టుక, సూపర్‌నోవాల పేలుడు కణం కన్నా చిన్న స్థాయిలో జరుగుతాయి. వాటికి విడిగా సూత్రాలు పెట్టి, పరిశీలనలకు తగ్గట్టు సవరిస్తారు. ఏది సవరించి తెచ్చిందో, ఏది దానంతట వచ్చిందో విడదీసి రాయి.

ఏ పత్రికకు పంపాలన్నది తర్వాత చూద్దాం. ముందు ఇలాంటి సిమ్యులేషన్లు నడిపే గాడ్జెట్ అనే ప్రోగ్రామ్ దించుకో, ఉచితమే. 32 × 32 × 32, అంటే 32,768 కణాలతో నడుపు. 1985లో డేవిస్, ఎఫ్‌స్టాథియూ, ఫ్రెంక్, వైట్ అనే శాస్త్రవేత్తలు విశ్వాన్ని సిమ్యులేట్ చేసింది అన్ని కణాలతోనే, ఇప్పుడు దానికి నీ ల్యాప్‌టాప్ చాలు. తర్వాత అదే పెట్టెను, అవే తొలి హెచ్చుతగ్గులతో, వైపుకు 64 చొప్పున మళ్లీ నడుపు. రెండింటిలోనూ మారకుండా నిలిచిన గుంపుల గురించే రాసి పంపు.

ఆశీస్సులతో.