నడుస్తున్న పనిని చంపకుండా టెర్మినల్ మార్చడం

చిరంజీవి చిన్నికి,

పెదనాన్న ఆశీస్సులు. దూరపు సర్వర్‌కి కలిపే మామూలు ఎస్‌ఎస్‌హెచ్ విండోలో, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోకి పెద్ద డంప్ (డేటా నకలు ఫైలు) ఎక్కిస్తూ, సగంలో ఇంటికి బయల్దేరాల్సి వస్తే ఏం చేయాలని అడిగావు. కనెక్షన్ తెగితే, నీ కమాండ్లు నడిపే షెల్‌కి ‘లైన్ తెగింది’ అనే హ్యాంగప్ సిగ్నల్ వెళ్తుంది, దాంతో పాటు నీ పనీ పోతుంది. అందుకే టెన్షన్. అయినా పనిని చంపి మొదటినుంచి మొదలుపెట్టకు.

నెల్సన్ ఎల్‌హేజ్ రాసిన రిపీటర్ అనే చిన్న యుటిలిటీ ఉంది, నడుస్తున్న పనిని వేరే టెర్మినల్‌కి మారుస్తుంది. టైపు చేసేటప్పుడు మాత్రం ఆర్, ఇ, పి, టి, వై, ఆర్. ముందు కంట్రోల్ జెడ్ కొట్టి పనిని ఆపు. జాబ్స్ హైఫన్ ఎల్ అంటే ప్రాసెస్ నంబర్ కనబడుతుంది, రాసిపెట్టుకో. తర్వాత బీజీ కొడితే ఆపిన పని వెనకాల మళ్లీ నడుస్తుంది, ఆపైన డిజోన్ (డి, ఐ, ఎస్, ఓ, డబ్ల్యూ, ఎన్). ఈ డిజోన్ మరిచిపోవద్దు. అది చేస్తేనే పాత షెల్ పోతూ పోతూ నీ పనికి హ్యాంగప్ పంపకుండా ఉంటుంది. ఇప్పుడు కనెక్షన్ తెగినా బతికుండే టెర్మినల్ ఇచ్చే టీమక్స్ తెరిచి, రిపీటర్ పక్కన ఆ నంబర్ ఇవ్వు. పాత అవుట్‌పుట్ పాత స్క్రీన్ మీదే ఉండిపోతుంది, కొత్తది ఇక్కడికి వస్తుంది. ప్రాసెస్ కంట్రోలింగ్ టెర్మినలే మారిపోతుంది కాబట్టి కంట్రోల్ సి కూడా ఇక్కడినుంచే పనిచేస్తుంది. నాకు బాగా నచ్చేది అదే.

ఉబుంటులో ‘అనుమతి లేదు’ అన్న ఎర్రర్ వస్తే కంగారు పడకు. రిపీటర్ పనిచేసేది పీట్రేస్‌తో, అంటే ఒక ప్రాసెస్ ఇంకోదాన్ని పట్టుకుని అదుపు చేసే సదుపాయంతో. తన పిల్ల కాని (తను పుట్టించని) ప్రాసెస్‌ని అలా పట్టుకోవడాన్ని యామా అనే భద్రతా ఏర్పాటు అడ్డుకుంటుంది. దాని పీట్రేస్ స్కోప్ అనే సెట్టింగ్ విలువ మామూలుగా 1 ఉంటుంది. రూట్‌గా (అన్ని అధికారాలున్న యూజర్‌గా) దాన్ని 0 చేసి, పని కాగానే మళ్లీ 1 పెట్టెయ్. ఆఫీసు సర్వర్ అయితే అడ్మిన్‌ని అడగకుండా దాన్ని ముట్టుకోకు.

ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ లాంటివి పిల్ల ప్రాసెస్‌లను పుట్టిస్తాయి. పైప్‌తో (ఒకదాని అవుట్‌పుట్ ఇంకోదానికి ఇచ్చేలా) కలిపిన కమాండ్లన్నీ ఒకే గ్రూపులో ఉంటాయి. వీటిని రిపీటర్ నేరుగా తీసుకోదు. అప్పుడు హైఫన్, పెద్ద టి ఆప్షన్ వాడు, టెర్మినల్ సెషన్ మొత్తాన్నీ లాక్కుంటుంది. ఎస్‌ఎస్‌హెచ్‌లో మొదలైన సెషన్‌కి దీన్ని రూట్‌గా నడపాలి.

ముందు ఊరికే ఆగి ఉండే స్లీప్ కమాండ్ మీద రెండు మూడుసార్లు చేసి చూడు. నడుస్తున్న డేటాబేస్ సర్వర్ ప్రాసెస్ జోలికి మాత్రం పోకు, రిపీటర్ పట్టుకున్నప్పుడు అది కాసేపైనా ఆగుతుంది.

ఇకనుంచి పెద్ద పని ఏదైనా టీమక్స్‌లోనే మొదలుపెట్టు. వెళ్లేటప్పుడు కంట్రోల్ బి, తర్వాత డి. పొద్దున్నే వచ్చి టీమక్స్ అటాచ్ కొడితే సరి.

ఇట్లు,
పెదనాన్న