ఎండాకాలానికి బేబీ క్యారియర్: స్పాంజ్ ఉన్నది పక్కన పెట్టేయండి

మేలో ఐదు నెలల బాబుతో తిరుపతిలో తిరగాలి, బాబును ఒంటికి కట్టుకునే ఇప్పుడున్న స్పాంజ్ క్యారియర్‌లో చెమటకు తడిసిపోతున్నాడు అన్నారు కదండీ. కారణం ఆ స్పాంజే. మీ ఒంటి వేడి, బాబు వేడి రెండూ దానివల్ల మధ్యలోనే ఉండిపోతాయి. ఒకే పొర పల్చటి నూలు లేదా లినెన్ గుడ్డతో కుట్టిన రింగ్ స్లింగ్ (భుజం మీదుగా వేసుకుని రెండు రింగులతో బిగించుకునే పొడవాటి గుడ్డ) చూడండి. బకిల్స్ ఉన్నదే కావాలంటే బాబు వీపుకు ఆనే భాగమంతా మెష్ (గాలి ఆడే వలలాంటి గుడ్డ) ఉండాలి. కొన్నింటికి పైన మెష్, లోపల మందపాటి లైనింగ్ ఉంటుంది, వెలుతురుకు పట్టి చూస్తే తెలిసిపోతుంది. లేత రంగు తీసుకోండి. కూర్చోబెట్టినప్పుడు బాబు మోకాళ్లు పిరుదులకంటే కాస్త పైకి ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనకూడదు.

ఎండ తగలకుండా ముఖం మీద చున్నీ మాత్రం కప్పకండి, గాలి ఆడదు. గొడుగు పట్టుకోండి. ఆరు నెలల్లోపు పిల్లలకు నీళ్లు వద్దు, పాలే ఎక్కువసార్లు పట్టండి. మెడ వెనక చెయ్యి పెట్టి చూస్తుండండి, బాగా వేడిగా ఉంటే వెంటనే బయటికి తీసి నీడలో కూర్చోండి.

అలిపిరి మెట్లు 3,550, మేలో ఈ వయసు బిడ్డతో వద్దనే అంటాను. కొండకు తెల్లవారుజామున బస్సెక్కండి. బస్సులో మాత్రం క్యారియర్ విప్పేసి బాబును ఒళ్లో పెట్టుకోండి.