హోలోకాస్ట్ (నాజీలు జరిపిన యూదుల మారణహోమం) నుంచి బయటపడ్డవారి మనవలు మళ్లీ జర్మనీకి ఎందుకు వెళ్తున్నారు?

చాలా ఇళ్లలో పెద్దలు జరిగింది చెప్పలేదు. రొట్టె ముక్క కూడా పారేయనివ్వని అమ్మమ్మ, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడే తాత. పిల్లలకు భయం అంటింది, కారణం తెలియలేదు. అది వెతుక్కుంటూనే వెళ్తారు. ఈ బాధ జన్యువుల్లోనే వస్తుందనడం తొందరపాటని నా అభిప్రాయం. ఆ వాదనకు ఆధారంగా చూపే, శాస్త్రవేత్త రేచెల్ యెహూదా చేసిన పేరొందిన అధ్యయనంలో ఉన్నది 32 మంది బాధితులు, 22 మంది సంతానం మాత్రమే.

1941 నవంబరులో నాజీలు విదేశాల్లోని జర్మన్ యూదుల పౌరసత్వం లాగేసుకున్నారు. ఇప్పటి జర్మన్ రాజ్యాంగంలోని 116వ అధికరణం కింద వారసులు దాన్ని తిరిగి పొందవచ్చు. కొందరు స్థిరపడతారు. ఇంకొందరు పాత ఇంటి ముందు కాలిబాటలో పేరు, పుట్టిన ఏడాది చెక్కిన ఇత్తడి పలక 'స్టోల్పర్‌స్టైన్' పెట్టే రోజుకి వచ్చి వెళ్తారు. అయితే జర్మన్ పాస్‌పోర్ట్ తీసుకోవడమే ద్రోహమనే పెద్దలూ ఉన్నారు, ఇంట్లో గొడవలూ అవుతాయి.